మూర్ఛ మందులు: మూడో వంతు దగ్గరే ఆగిన లెక్క

స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో, అంతకుముందు ఏ మందూ వాడని 470 మంది మూర్ఛ రోగులను వైద్యులు ఏళ్ల తరబడి గమనించి 2000లో ఒక లెక్క ప్రచురించారు. మొదటి మందుతోనే ఫిట్స్ పూర్తిగా ఆగినవారు 47 శాతం. అది పనిచేయక రెండో మందుకు మారితే ఆగినవారు మరో 13 శాతం. మూడో మందుతోనో, రెండు కలిపి వాడితేనో దారికొచ్చినవారు 4 శాతం. మిగిలిన 36 శాతం మందికి ఏదీ పూర్తిగా పట్టలేదు.

2018లో అదే కేంద్రం 30 ఏళ్లలో చూసిన 1,795 మంది వివరాలు బయటపెట్టింది. ఈలోగా డజనుకు పైగా కొత్త మందులు వచ్చాయి. మరి ఫిట్స్ ఆగినవారు ఎందరయ్యారు? 63.7 శాతం. లెక్క ఉన్నచోటే ఉంది.

కొత్త మందులు దండగ అని దీనర్థం కాదు. వాటిలో చాలావాటికి ఇతర మందులతో గొడవ తక్కువ, కాలేయం మీద భారం తక్కువ, మత్తు తక్కువ. భద్రత విషయంలో నిజంగానే మెరుగుపడ్డాం. కానీ మొండి మూర్ఛ విషయంలో గీత పెద్దగా జరగలేదు. ఎందుకు జరగలేదో తెలియాలంటే మందును ఎంచే జల్లెడను చూడాలి. జల్లెడ కన్నాలు ఏ సైజులో ఉంటే కిందికి అవే గింజలు రాలతాయి.

మొదటి జల్లెడ పిల్లులతో కట్టారు. 1930ల దాకా వైద్యుల చేతిలో ఉన్నవి ప్రధానంగా రెండే: 1857 నుంచి బ్రోమైడ్, 1912 నుంచి ఫినోబార్బిటాల్. రెండూ మగతగా పడేసేవే. అసలు మగతే ఫిట్స్‌ను ఆపుతోందని చాలామంది నమ్మారు. బోస్టన్‌లో హ్యూస్టన్ మెరిట్, ట్రేసీ పట్నం ఈ నమ్మకాన్ని పరీక్షకు పెట్టారు. పిల్లికి ఫిట్ రావడానికి ఎంత కరెంటు కావాలో కొలిచారు, మందిచ్చి మళ్లీ కొలిచారు. నిద్ర తెప్పించడం లేదని ఒక కంపెనీ పక్కన పడేసిన ఫినైటోయిన్ ఆ పరీక్షలో అద్భుతంగా నెగ్గింది. 1938లో ఫలితాలు వెలువడ్డాయి. మత్తు లేకుండానే ఫిట్స్ ఆపవచ్చని అప్పుడు తేలింది.

తర్వాతి దశాబ్దాల్లో పిల్లి స్థానంలోకి చిట్టెలుక వచ్చింది, పద్ధతి మాత్రం పెద్దగా మారలేదు. కంటి మీద ఎలక్ట్రోడ్లు ఆనించి 50 మిల్లీఆంపియర్ల కరెంటును 0.2 సెకన్లు ఇస్తారు. ఎలుక వెనక కాళ్లు కర్రల్లా బిగుసుకుని చాచుకుంటే మందు ఓడింది, చాచుకోకపోతే గెలిచింది. రెండో పరీక్షలో పెంటిలీన్‌టెట్రజాల్ అనే రసాయనాన్ని చర్మం కింద ఎక్కించి ఫిట్ తెప్పిస్తారు. మూడోది భద్రత కోసం: నిమిషానికి 6 సార్లు తిరిగే కడ్డీ మీద ఎలుకను నిలబెడతారు. నిమిషంలో మూడుసార్లు పడిపోతే మందు దాన్ని తూలిస్తోందని గుర్తు. సగం ఎలుకలను తూలించే డోసును, సగం ఎలుకల్లో ఫిట్స్ ఆపే డోసుతో భాగిస్తే వచ్చే సంఖ్య ఎంత పెద్దదైతే ఆ మందుకు అంత వెసులుబాటు ఉన్నట్టు. అమెరికా ప్రభుత్వం 1975లో మొదలుపెట్టిన స్క్రీనింగ్ కార్యక్రమం కింద యూటా విశ్వవిద్యాలయంలో వేలాది రసాయనాలు ఇలాంటి జల్లెళ్లలో పడ్డాయి.

చవక, వేగం, ఏ ల్యాబ్‌లో చేసినా అదే ఫలితం. లోపం ఒక్కటే, కానీ పెద్దది: ఆ ఎలుకకు మూర్ఛ జబ్బు లేదు. ఆరోగ్యంగా ఉన్న మెదడుకు మనం బలవంతంగా తెప్పించిన ఒకే ఒక్క ఫిట్‌ను మందు ఆపుతోంది. తలకు దెబ్బ తగిలి, నాడీకణాలు చచ్చి, మిగిలినవి కొత్త దారుల్లో అల్లుకుని, నెలల తర్వాత తమంతట తాము ఫిట్స్ పుట్టించే మెదడు వేరు.

పైగా కరెంటు పరీక్షలో బాగా నెగ్గేవి సోడియం చానెళ్లను, అంటే నాడీకణంలోకి సోడియం వెళ్లే ద్వారాలను, అడ్డుకునే మందులు. నాడీకణం మంట పెట్టినట్టు వరసగా పేలుతున్నప్పుడు దాని సోడియం ద్వారాలు ఎక్కువసేపు అలసిన స్థితిలో ఉంటాయి. ఫినైటోయిన్, కార్బమజెపైన్, లామోట్రిజిన్ ఆ అలసిన ద్వారానికే అతుక్కుని, అది మళ్లీ సిద్ధం కావడాన్ని ఆలస్యం చేస్తాయి. మామూలు వేగంతో పనిచేసే కణాల జోలికి అంతగా పోవు. చక్కటి యంత్రాంగమే. కానీ ఒకే జల్లెడలోంచి అన్నదమ్ముల్లాంటి మందులే వస్తుంటే, అన్న పనిచేయని రోగికి తమ్ముడూ పనిచేయకపోవడంలో వింతేముంది?

ఈ జల్లెడ ఎంత గుడ్డిదో చూపించినది లెవెటిరాసెటామ్. ఇప్పుడు ప్రపంచంలో విరివిగా రాసే మూర్ఛ మందుల్లో ఇదొకటి. హైదరాబాద్ చుట్టుపక్కల ఉన్న బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీల్లోనూ పెద్ద ఎత్తున తయారవుతుంది. ఆ రెండు ప్రామాణిక పరీక్షల్లోనూ ఇది దాదాపు సున్నా. పెద్ద శబ్దం వినగానే ఫిట్స్ వచ్చే జాతి ఎలుకల్లోనూ, రోజూ కొద్దికొద్దిగా కరెంటిచ్చి మెదడును నెమ్మదిగా మూర్ఛకు అలవాటు చేసిన ఎలుకల్లోనూ దీని బలం బయటపడింది. 1999లో అమెరికాలో అనుమతి వచ్చింది. అది మెదడులో దేనికి అతుక్కుంటుందో తేలింది 2004లో! నాడీకణాల చివర రసాయనాలు నింపుకున్న చిన్న సంచుల గోడల్లో ఉండే ఎస్‌వి2ఎ అనే ప్రొటీన్ అది. అంటే ముందు మందు దొరికింది, అయిదేళ్ల తర్వాత తాళం దొరికింది.

అందుకే ఇప్పుడు జల్లెళ్లను మారుస్తున్నారు. కైనిక్ ఆమ్లం వంటివాటితో ఎలుకకు గంటల తరబడి ఫిట్స్ తెప్పించి వదిలేస్తే, కొన్ని వారాలకు దానికి నిజమైన మూర్ఛ వస్తుంది. దాని తలకు ఎలక్ట్రోడ్లు అమర్చి, రాత్రింబవళ్లు వీడియో తీస్తూ, తమంతట తాము వచ్చే ఫిట్స్‌ను మందు తగ్గిస్తోందా అని చూస్తారు. ఒక్కో మందుకు వారాలు పడుతుంది, ఖర్చు ఎన్నో రెట్లు. ఇంతా చేసినా హామీ లేదు. లెవెటిరాసెటామ్ తాళాన్నీ, మెదడుకు బ్రేకులాంటి గాబా గ్రాహకాన్నీ ఒకేసారి పట్టుకునేలా తీర్చిదిద్దిన పాడ్సెవోనిల్ జంతువుల్లో మొండి మూర్ఛ నమూనాల్లో మెరిసింది. 2020లో మొండి మూర్ఛ రోగుల మీద జరిగిన పరీక్షలో అనుకున్న ఫలితం చూపలేక ఆగిపోయింది.

ఇక మనుషుల మీద పరీక్ష. కొత్త మందును మొదట ఎవరికిస్తారు? ఇప్పటికే ఒకటో రెండో మూడో మందులు వాడుతూ కూడా ఫిట్స్ ఆగనివారికి. పాత మందులు అలాగే ఉంచి, పైన కొత్తదో, మందు లేని ఉత్తుత్తి మాత్రో కలుపుతారు. మొదటి 8 వారాలు ఏమీ మార్చకుండా ఫిట్స్ లెక్కపెడతారు. తర్వాత డోసు పెంచే దశ, ఆపైన సాధారణంగా 12 వారాలు నిలకడ దశ. ఫిట్స్ సగానికి పైగా తగ్గినవారు ఎందరో చూసి అనుమతిస్తారు.

ఈ పద్ధతిలో రెండు చిక్కులున్నాయి. ఫిట్స్ సగం తగ్గడం రోగికి పెద్ద గెలుపు కాదు. నెలకు ఎనిమిది నుంచి నాలుగుకు తగ్గినా బండి నడపలేడు, బావి గట్టున ఒంటరిగా నిలబడలేడు. జీవితం మారేది సున్నా అయినప్పుడే. రెండోది ప్రాణం మీదికొచ్చే చిక్కు. 112 పరీక్షల వివరాలు కలిపి 2011లో చేసిన విశ్లేషణలో, మూర్ఛ వల్ల హఠాన్మరణాలు ఉత్తుత్తి మాత్ర గుంపులో ఏడాదికి 1,000 మందికి 6.9, సరైన డోసులో మందు అందినవారిలో 0.9 అని తేలింది. నెలల తరబడి ఉత్తుత్తి మాత్ర మీద ఉంచడం ఊరకే పోయేది కాదన్నమాట. దీనికి విరుగుడుగా వచ్చిన పద్ధతిలో, రోగికి పరీక్షకు ముందు నెలలో ఎన్ని ఫిట్స్ వచ్చాయో అన్ని వచ్చేదాకానే లెక్కపెడతారు. ఆ సంఖ్య చేరగానే అతని వంతు అయిపోతుంది, అసలు మందుకు మారవచ్చు. ఎంత ఆలస్యంగా చేరాడన్నదే ఫలితం. న్యాయమైన పద్ధతి ఇదే అనిపిస్తుంది.

భద్రత సంగతి మరింత తికమక, ఎందుకంటే హాని అంతా ఒక్క రకం కాదు. అన్నిటికన్నా తేలికైనది డోసుతో పెరిగేది: తూలడం, రెండుగా కనబడటం, మగత. డోసు తగ్గిస్తే పోతుంది. ఇక్కడ కూడా ఫినైటోయిన్ మోసం చేస్తుంది. దాన్ని కాలేయం విరగ్గొట్టే సామర్థ్యానికి ఒక పరిమితి ఉంది. రోజుకు 300 మిల్లీగ్రాముల దగ్గర రక్తంలో మోతాదు సరిగ్గా ఉన్న మనిషికి 400 చేస్తే, పెరగాల్సింది మూడో వంతు అనుకుంటాం. కాలేయం అప్పటికే నిండిపోయి ఉంటే రక్తంలో మోతాదు రెట్టింపు దాటిపోవచ్చు. నిన్నటిదాకా బాగున్న మనిషి ఇవాళ తాగినవాడిలా తూలడానికి కారణం అదే. అందుకే ఒక స్థాయి దాటాక 25, 30 మిల్లీగ్రాముల చొప్పునే పెంచాలి.

రెండోది, ఎవరికి వస్తుందో తెలియని ఎలర్జీ తరహా హాని. కార్బమజెపైన్‌తో కొందరికి ఒళ్లంతా బొబ్బలెక్కి చర్మం ఊడిపోయే స్టీవెన్స్-జాన్సన్ సిండ్రోమ్ వస్తుంది. హెచ్‌ఎల్‌ఏ-బి 15:02 అనే జన్యు రూపం ఉన్నవారికి ఈ ముప్పు ఎన్నో రెట్లని 2004లో తైవాన్ పరిశోధకులు పట్టుకున్నారు. ఆసియా మూలాలున్నవారికి మందు మొదలుపెట్టే ముందు ఆ పరీక్ష చేయాలని 2007లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ సూచించింది. ఒకే రక్తపరీక్షతో ప్రాణాపాయాన్ని ముందే తప్పించగలిగిన అరుదైన సందర్భమిది.

లామోట్రిజిన్ దద్దుర్లకు విరుగుడు మరీ సాదాసీదాది: నెమ్మది. పెద్దలకు ఒంటరిగా ఇస్తే మొదటి రెండు వారాలు రోజుకు 25, తర్వాతి రెండు వారాలు 50 మిల్లీగ్రాములు. వాల్‌ప్రోయేట్ అనే మరో మూర్ఛ మందు కూడా వాడుతుంటే అది లామోట్రిజిన్‌ను ఒంట్లోంచి పోనివ్వదు కాబట్టి రోజు విడిచి రోజు 25తోనే మొదలుపెట్టాలి. మాత్ర కొన్నాళ్లు మానేసి మళ్లీ పాత డోసుతోనే మింగడం ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు. అయిదారు రోజులు ఆగిపోయిందంటే డాక్టరును అడిగి మళ్లీ అడుగు నుంచి ఎక్కాల్సి రావచ్చు.

ఈ నెమ్మది పాఠమే సెనోబామేట్ అనే కొత్త మందును కాపాడింది. తొలి పరీక్షల్లో డోసు వేగంగా పెంచినప్పుడు, దద్దుర్లతో పాటు లోపలి అవయవాలు దెబ్బతినే డ్రెస్ అనే తీవ్ర ప్రతిచర్య ముగ్గురికి వచ్చింది, ఒకరు చనిపోయారు. చాలా మందులు అక్కడే ముగిసిపోయేవి. ఈసారి డోసును 12.5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, రెండేసి వారాలకు 25, 50, 100, 150, 200గా పెంచుతూ 1,339 మంది మీద మళ్లీ చూశారు. ఒక్కరికీ డ్రెస్ రాలేదు. 2019 నవంబరులో అమెరికాలో అనుమతి వచ్చింది. దీని మీద ఇంత ఆసక్తికి అసలు కారణం వేరే ఉంది. 437 మంది మీద జరిగిన పరీక్షలో, నిలకడ దశలో ఒక్క ఫిట్ కూడా రానివారు 400 మిల్లీగ్రాముల గుంపులో 21 శాతం, 200 గుంపులో 11 శాతం, ఉత్తుత్తి మాత్ర గుంపులో 1 శాతం. మొండి మూర్ఛలో సున్నాకు చేరినవారు ఇంతమంది కనబడటం అరుదు. మూడో వంతు గీత కొంచెమైనా జరుగుతుందేమో అనిపించిన మందు ఇదే. అయితే అందరూ ఓర్చుకునేది కాదు. 400 దగ్గర తూలు, మగత బాగా పెరుగుతాయి. క్లోబజామ్ అనే మరో మూర్ఛ మందు వాడేవారిలో దాని ఉపఉత్పత్తి రక్తంలో పేరుకుని మత్తెక్కిస్తుంది కాబట్టి ముందు క్లోబజామ్‌ను తగ్గించాలి.

మూడో రకం హాని మెల్లగా, గుట్టుగా వస్తుంది. మూడు నెలల పరీక్షలో అది కనబడదు. విగాబాట్రిన్ కొందరిలో చూపు పక్కల నుంచి కుంచించుకుపోయేలా చేస్తుంది, తిరిగి రాదు. ఎదురుగా ఉన్నది బాగానే కనబడుతుంది కాబట్టి రోగికి తెలియదు. ఫెల్బమేట్ 1993లో అమెరికాలో వచ్చి, మరుసటి ఏడాదే ఎముక మజ్జ ఎండిపోవడం, కాలేయం చెడిపోవడం బయటపడి, వేరే దారి లేనివారికే పరిమితమైంది. రెటిగాబిన్‌ది మరీ విచిత్రం. పొటాషియం ద్వారాలను తెరిచి నాడీకణాన్ని శాంతపరిచే పూర్తిగా కొత్త పద్ధతి అని 2011లో స్వాగతించారు. రెండేళ్లకు రోగుల పెదవులు, గోళ్లు నీలంగా మారాయని, రెటీనాలోనూ రంగు పేరుకుంటోందని హెచ్చరిక వచ్చింది. 2017లో కంపెనీ మందునే మానేసింది. తప్పు లక్ష్యానిది కాదు, అణువుది. అది ఆక్సీకరణ చెంది రంగు పదార్థాలుగా మారేది. అదే ద్వారాలను తెరుస్తూ, అలా రంగు మారని నిర్మాణంతో అజెటుకాల్నర్‌ను తయారుచేశారు. మనుషుల మీద రెండో దశ పరీక్షలో 25 మిల్లీగ్రాముల డోసు నెలవారీ ఫిట్స్‌ను మధ్యస్థంగా 52.8 శాతం తగ్గించింది, ఉత్తుత్తి మాత్ర 18.2 శాతం. ఆ ఫలితాలతో అది మూడో దశ పరీక్షలకు వెళ్లింది.

నాలుగో రకం హాని రోగికి కాదు, కడుపులో బిడ్డకు. గర్భంలో వాల్‌ప్రోయేట్ తగిలిన పిల్లల్లో వందకు సుమారు పదిమందికి పుట్టుకతో అవయవ లోపాలు, 30 నుంచి 40 మందికి మాట, చదువు, ప్రవర్తన వంటి ఎదుగుదల సమస్యలు. అందుకే 2018లో బ్రిటన్, గర్భం వచ్చే వయసులో ఉండి, గర్భం రాకుండా చూసుకునే కార్యక్రమంలో లేని స్త్రీలకు ఇది రాయకూడదని నియమం పెట్టింది. కానీ మెదడు రెండు వైపులా ఒకేసారి రాజుకునే జనరలైజ్డ్ మూర్ఛలో లెవెటిరాసెటామ్ కంటే వాల్‌ప్రోయేటే బాగా పనిచేస్తుందని 2021లో ఫలితాలు వెలువడిన బ్రిటన్ పరీక్షే, సానాడ్-2, తేల్చింది. ప్రభావం ఒకవైపు లాగితే భద్రత ఇంకోవైపు లాగుతుంది. లామోట్రిజిన్, లెవెటిరాసెటామ్ గర్భంలో చాలా మెరుగు. అయితే గర్భం పెరిగేకొద్దీ లామోట్రిజిన్ రక్తంలో పడిపోతుంది. డోసు పెంచాలి, కాన్పయ్యాక వెంటనే తగ్గించాలి. భయపడి ఉన్నట్టుండి మాత్ర మానేయడం అన్నిటికన్నా ప్రమాదం.

ఉన్నట్టుండి మానితే ఏమవుతుందో తెలంగాణలో అందరికీ తెలిసిన ఉదాహరణ ఉంది. కల్తీ కల్లులో ఆల్ప్రజోలామ్, డయజెపామ్ అనే మత్తుమందులు కలుపుతారు. సరఫరా ఆగినప్పుడు, జీవితంలో ఎన్నడూ ఫిట్స్ రాని మనుషులు వణుకుతో, ఫిట్స్‌తో ఆసుపత్రులకు వచ్చిన సందర్భాలున్నాయి. రోజూ బయటినుంచి బ్రేకు వేస్తుంటే మెదడు తన బ్రేకును సడలించుకుంటుంది. బయటి బ్రేకు హఠాత్తుగా తీసేస్తే ఆపేది ఉండదు. క్లోబజామ్‌ను రోజూ వాడితే కొందరిలో ప్రభావం తగ్గిపోవడం కూడా ఈ కోవలోదే. దక్షిణాదిలో ఎక్కువగా కనిపించే వేడినీళ్ల మూర్ఛలో, అంటే తల మీద వేడినీళ్లు పోసుకుంటే ఫిట్స్ వచ్చేవారిలో, తలస్నానానికి గంట రెండు గంటల ముందు మాత్రమే క్లోబజామ్ ఇచ్చి, మిగతా రోజుల్లో మందే లేకుండా చూడటం దీనికి తెలివైన జవాబు.

జన్యువుల వైపు నుంచి వచ్చిన మార్పు వేరు తరహాది. డ్రావెట్ సిండ్రోమ్ అనే పసితనపు మొండి మూర్ఛలో ఎక్కువమందికి ఎస్‌సిఎన్1ఎ జన్యువు ఒక ప్రతి పాడై ఉంటుంది. దాని సోడియం ద్వారాలు ముఖ్యంగా పనిచేసేది బ్రేకు వేసే నాడీకణాల్లో. అలాంటి పిల్లలకు కార్బమజెపైనో లామోట్రిజినో ఇస్తే, అసలే బలహీనమైన బ్రేకులను ఇంకా సడలించినట్టవుతుంది; ఫిట్స్ పెరుగుతాయి. జన్యు పరీక్ష ఇక్కడ ఏ మందు ఇవ్వకూడదో చెబుతుంది, అది చిన్న ఉపకారం కాదు.

వారికి పనికొచ్చిన మందుల్లో ఒకటి ఫెన్‌ఫ్లూరమిన్. బరువు తగ్గించే మాత్రగా అమ్ముడై, గుండె కవాటాలను దెబ్బతీస్తోందని 1997లో మార్కెట్ నుంచి తీసేసిన మందే ఇది. బెల్జియంలో కొందరు వైద్యులు ప్రత్యేక అనుమతితో కొద్దిమంది పిల్లలకు తక్కువ డోసులో ఇస్తూ వచ్చారు. 2020లో అది మూర్ఛ మందుగా తిరిగి వచ్చింది. రోజుకు 26 మిల్లీగ్రాములు మించకూడదన్నది, ఆరు నెలలకోసారి గుండె ఎకో తీయాలన్నది అప్పుడు అమెరికా పెట్టిన షరతులు. ఇంకా ముందుకెళ్లి, బాగున్న రెండో ప్రతి నుంచే ఎక్కువ ప్రొటీన్ వచ్చేలా చేసే జోరెవునెర్సెన్‌ను వెన్నులోకి ఇంజెక్షన్‌గా ఇచ్చి పరీక్షిస్తున్నారు.

జన్యువు తెలిసినంత మాత్రాన మందు దొరికినట్టు కాదు. కెసిఎన్‌టి1 అనే మరో జన్యువు లోపంలో పాత గుండె మందు క్వినిడిన్ పనిచేయాలని సిద్ధాంతం చెప్పింది, ల్యాబ్‌లో పనిచేసింది కూడా. ఆరుగురు రోగుల మీద పద్ధతిగా పరీక్షిస్తే ఫిట్స్ తగ్గలేదు సరికదా, డోసు పెంచితే గుండె లయ చెడే ప్రమాదం కనబడింది.

ఇంతకూ ఇవన్నీ ఫిట్స్‌ను ఆపేవే, మూర్ఛ పుట్టకుండా ఆపేవి కావు. తలకు తీవ్రగాయమైన 404 మందికి ఫినైటోయినో ఉత్తుత్తి మందో ఇచ్చి చూసిన 1990 నాటి పరీక్షలో, మొదటి వారంలో ఫిట్స్ తగ్గాయి. ఆ తర్వాత మూర్ఛ రావడంలో తేడా లేదు. ఇప్పుడు శాస్త్రజ్ఞులు వీటిని మూర్ఛ మందులనడం మానేసి ఫిట్స్ నిరోధకాలనడానికి కారణం ఇదే.

రోగికి మాత్రం తక్షణం కావలసిన లెక్క ఒకటుంది. సరైన మందులు రెండు, సరైన డోసుల్లో వాడినా ఆగకపోతే దాన్ని మొండి మూర్ఛ అనాలని 2010లో అంతర్జాతీయ మూర్ఛ సంఘం నిర్వచించింది. మూడో, నాలుగో, ఐదో మాత్ర రాసుకుంటూ ఏళ్లు గడిపే బదులు, ఆ దశలోనే హైదరాబాద్ నిమ్స్‌లాంటి చోట ఆపరేషన్‌కు పనికొస్తారేమో చూపించుకోవాలి.

చివరగా, ఈ పరీక్షలన్నీ నిలబడి ఉన్న పునాది గురించి. ఫిట్స్ ఎన్ని వచ్చాయో రోగి డైరీలో రాస్తేనే లెక్క. వీడియోతో పాటు మెదడులోని విద్యుత్తును నమోదు చేసే ఈఈజీ కింద ఉంచి 2007లో సరిచూస్తే, వచ్చిన ఫిట్స్‌లో సగానికి పైగా రోగులు చెప్పనే లేదు. నిద్రలో వచ్చినవి, స్పృహ తప్పినవి వారికే తెలియవు. 50 శాతం తగ్గుదల అన్నది ఇలాంటి డైరీల మీద కట్టిన అంకె. నెత్తి చర్మం కింద అమర్చి నెలల తరబడి ఈఈజీ తీసే చిన్న పరికరాలను ఇప్పుడు పరీక్షిస్తున్నది ఇందుకే.